నలభై అక్షరాలు

మునిశేఖర్‌ను ఒక వరస విసిగిస్తోంది.

రోజూ పొద్దున ఏడుంబావుకు కంప్యూటరులో ఆ వరస పడుతుంది. అదే ఫోను నుంచి, అదే ప్రశ్న. రెండు వందల పదకొండు రోజులుగా ఒక్క రోజు కూడా తప్పలేదు. దాన్ని ఆపేయాలని అతని కోరిక. ఆపాలంటే ఓబులమ్మ అవ్వ ఊ అనాలి.

అవ్వ ఆశ్రమం పెన్న ఒడ్డున, కడపకు కొంచెం దూరంలో ఉంది. అవ్వ వయసులో ఉన్నప్పుడు అచల సిద్ధాంతం బోధించే ఒక గురువు దగ్గర ఉపదేశం తీసుకుంది. ఆ గురువు పోయాక ఆయన పాకలోనే ఉండిపోయింది. ఊరూ పేరూ మరిచిపోయి బస్టాండుల్లో, రైలు స్టేషన్లలో తిరిగేవాళ్లు కనబడితే చెయ్యి పట్టుకుని తెచ్చుకునేది. స్నానం చేయించి అన్నం పెట్టేది. ఒకరు ఇద్దరై, ఇద్దరు పదిమందై, ఇప్పుడు అరవై మంది దాకా ఉన్నారు.

పేరు చెప్పలేని వాళ్లకు అక్కడ వాళ్లు వచ్చిన వారమే పేరు. బుధవారం వచ్చినాయన బుధారం అన్న. శుక్రవారం వచ్చినాయన శుక్రారం తాత. గురువారం వచ్చినామె బేస్తారమ్మ. ఇంకొకాయన కూడా బుధవారమే వచ్చేసరికి పెద్ద బుధారం, చిన్న బుధారం అయ్యారు. మనిషిని పట్టుకుని 'ఓయ్' అని పిలవడం అవ్వకు ఇష్టముండదు.

తప్పిపోయిన వాళ్ల కోసం అయినవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు. అవ్వ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నిదానంగా అడిగి తెలుసుకునేది. ఒక్కొక్కరితోనే ఒక పూట గడిచిపోయేది.

మూడేళ్ల కిందట మునిశేఖర్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం వదిలేసి, నీ దగ్గర శిష్యుడిగా ఉంటానవ్వా అని వచ్చాడు. అవ్వ అతనికి మంత్రం ఏమీ చెప్పలేదు.

"నీకొచ్చిన పని చెయ్యి నాయనా. రానిది తరవాత చూస్తాం" అంది.

అతను ఆశ్రమానికి ఒక వెబ్‌సైటు కట్టాడు. ఎక్కడి వాళ్లయినా ఫోనులోనే తమ మనిషి పేరూ, వయసూ, ఊరూ, ఆనవాళ్లూ రాసి అడగొచ్చు. ఆశ్రమంలో ఒక మూల పెట్టిన సర్వరు అనే పెట్టె ఆ పేరును ఆశ్రమం పట్టీలో వెతికి, కనురెప్ప వేసేలోగా జవాబు పంపిస్తుంది. పేరు కలిస్తే 'ఉన్నారు, రండి' అంటుంది.

పేరు కలవకపోతే ఏమనాలి? ఇక్కడ మునిశేఖర్ చాలాసేపు ఆలోచించాడు. 'లేరు' అని రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. ఎంత దూరం నుంచో, ఎంత ఆశతోనో అడుగుతారు గదా. మెత్తగా ఉండాలని ఇట్లా రాసిపెట్టాడు: 'మీరు చెప్పిన వివరాలు చాలలేదు. దయచేసి ఇంకా చెప్పండి. మేము పిలిచేదాకా ఆశ్రమానికి రావద్దు.' జనం ఒక్కసారిగా వచ్చి పడితే లోపలి వాళ్లు బెదురుతారని ఆ చివరి మాట కలిపాడు.

వచ్చిన ప్రతి ప్రశ్ననూ, పోయిన ప్రతి జవాబునూ సర్వరు తనలో ఒక వరసగా రాసుకుంటుంది. కంప్యూటరు వాళ్లు దాన్ని లాగ్ అంటారు. వంట చేసే సుబ్బరత్నక్క దానికి చిట్టా అని పేరు పెట్టింది. ఆశ్రమంలో అందరికీ అదే పేరు నిలిచింది.

మొదట్లో ఆ చిట్టా చూడ్డానికి అసహ్యంగా ఉండేది. ఒకరు రెండే ముక్కలు రాస్తే ఇంకొకరు ఒక ఉత్తరమంత రాసేవారు. పొడుగు వరసలు మడతపడి కిందికి జారేవి. జవాబు కింద జవాబు రాకుండా అడ్డదిడ్డంగా ఉండేది. మునిశేఖర్ కూర్చుని దానికొక కొలత పెట్టాడు. ముందు తేదీ, తరవాత గంట, ఏ ఫోను, అడిగిన మాటలో మొదటి నలభై అక్షరాలు, పోయిన జవాబు, చివర ఒక అంకె. జవాబు సరిగ్గా పోతే ఆ అంకె రెండు వందలు. నలభై అక్షరాలకు పైన ఉన్నది సర్వరు కత్తిరించి పారేస్తుంది. పేరు కలవని వాళ్ల మాటలను ఇంకెక్కడా దాచుకోదు.

ఆ తరవాత చిట్టా ముగ్గు చుక్కల్లా వరస తీరింది. అతను దాన్ని ఊరికే పైకీ కిందికీ జరిపి చూసుకునేవాడు.

"ఏమి సామీ, నీ చిట్టాకు దిష్టిచుక్క పెట్టమంటావా?" అని సుబ్బరత్నక్క ఎగతాళి చేసేది.

అవ్వ మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. అది కూడా అతనికి లోపల కొంచెం వెలితిగానే ఉండేది.

ఆ రోజు పొద్దున అవ్వ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మునిశేఖర్ ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అవ్వా, ఒక మాట."

"చెప్పు నాయనా."

"చిట్టాలో రోజూ ఒకటే ప్రశ్న పడుతోంది. ఏడు నెలలైంది. అది మనిషి కాదనుకుంటా. ఎవరో ఎక్కడో ఒక మిషను పెట్టి వదిలేసినట్టున్నారు. నువ్వు సరే అంటే ఆ ఫోనును రానీకుండా ఆపేస్తా."

"మిషనని ఎట్ల తెలిసె?"

"మనిషైతే ఒక రోజన్నా మరిచిపోతారు గదవ్వా. ఒక రోజు ఎనిమిదికి అడుగుతారు, ఒక రోజు జ్వరమొచ్చి మానేస్తారు. ఇది గడియారం కొట్టినట్టు వస్తుంది. పైగా అక్షరం మారదు."

అవ్వ ఒక రాయి తీసి పక్కన వేసింది.

"ఏమడుగుతాంది ఆ మిషను?"

మునిశేఖర్ ఫోను తీసి చదివాడు. "నా భర్త పేరు దస్తగిరి. వయసు 48. ఊరు ఆదోని. కడప ఉరుసులో తప్పి..."

"తప్పి?"

"అక్కడికి నలభై అక్షరాలవ్వా."

"తరవాత?"

"తరవాతది ఉండదు. కత్తిరించి పోతుంది. ఎక్కువ పెట్టుకుంటే వరస చెడుతుంది."

"నువ్వేమంటాండావు దానికి?"

"వివరాలు చాలలేదు, ఇంకా చెప్పండి అంటుంది సర్వరు. ఇదిగో, చివర రెండు వందలు చూడు. అంటే అంతా సరిగ్గా జరిగిందని గుర్తు. రెండు వందల పదకొండు సార్లూ సరిగ్గానే జరిగింది."

అవ్వ ఫోను వైపు చూడలేదు. చేట పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"నాకూ ఒక మనిషిని అడిగేది ఉంది నాయనా. నీ పెట్టెను అడిగి పెట్టు" అంది.

మునిశేఖర్ తెల్లబోయాడు. అవ్వ కంప్యూటరు గదిలోకి రావడం అదే మొదలు. ముక్కాలి పీట జరుపుకుని అతని పక్కన కూర్చుంది. కొత్త బళ్లో కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఎవరవ్వా?"

"మా అక్క. సాలమ్మ. పన్నెండేండ్లు. తిరపతి కొండకు నడిచిపోతాంటే అడవి దోవలో తప్పిపోయింది. నాకప్పుడు తొమ్మిది."

"అది డెబ్బై ఏళ్ల కిందటి సంగతి గదవ్వా!"

"అడుగు నాయనా."

అవ్వ ఈ మాట ఇంతకు ముందు ఎవరి దగ్గరా ఎత్తలేదు. మునిశేఖర్ రాశాడు. జవాబు వచ్చింది. చదివి వినిపించాడు.

"వివరాలు చాలలేదంటోంది అవ్వా. ఇంకా చెప్పమంటోంది."

"అట్లనా" అంది అవ్వ. కొంగు సర్దుకుని ఆలోచించింది. "కుడి జడ పొడుగు, ఎడమది పొట్టి. ఎడమ జడను ఎనుము నమిలింది."

మునిశేఖర్‌కు నవ్వొచ్చింది. పెట్టెకు ముందు పేరు చెప్పాలి గనక మళ్లీ అక్క పేరు సాలమ్మ అని మొదలుపెట్టి, చివర గేదె జడ నమిలిన సంగతి కలిపి పంపాడు.

వివరాలు చాలలేదు. ఇంకా చెప్పండి.

"దోవలో తనే ముందు నడవాల. నేను దాటుకుంటే జుట్టు పట్టుకుని వెనక్కి లాగేది."

వివరాలు చాలలేదు. ఇంకా చెప్పండి.

"నిద్రలో పండ్లు కొరికేది. అమ్మ ఉప్పు తీసి దిష్టి తీసేది."

వివరాలు చాలలేదు.

"నా కాల్లో ముల్లిరిగితే తన ఒళ్లో పెట్టుకుని ఇంకో ముల్లుతో తీసింది. నొప్పి తెలీకుండా పాట పాడింది. పాట రాదు దానికి. ఏందో ఒకటి కూసింది."

ఇంకా చెప్పండి.

గుమ్మంలో సుబ్బరత్నక్క నిలబడింది. "అవ్వా, సంగటి ఆరిపోతాంది. వస్తావా, రావా?"

"ఉండు మే. నేను చెప్పింది చాల్లేదంట" అంది అవ్వ.

సుబ్బరత్నక్క మునిశేఖర్ మొహం చూసి వెళ్లిపోయింది.

అవ్వ చెబుతూనే ఉంది. మధ్యలో ఆగి, కళ్లు మూసుకుని, గుర్తు చేసుకుని చెబుతోంది. అక్క గోళ్లు కొరుక్కునేది. అక్కకు పొగడపూలంటే పిచ్చి. అక్క నవ్వితే ఒక పక్కే నవ్వేది. మునిశేఖర్ రాస్తున్నాడు. చదువుతున్నాడు. అతని గొంతు చిన్నదవుతోంది.

"ఆ దినం ఏ రవిక తొడుక్కుండిందో..." అంది అవ్వ. "పచ్చదో, ఎర్రదో. దాని వెనకాలే నడిచినా గదా, నాకు గుర్తుండొద్దూ? నాకే సరిగ్గా చెప్పను రాలేదు నాయనా. ఇంకొంచెం బాగా చెప్పింటే ఈపాటికి చిక్కిండేది."

ఆమె మొహం పాఠం అప్పజెప్పలేక నిలబడిన పిల్ల మొహంలా ఉంది.

అది పంతొమ్మిదోసారి. మునిశేఖర్ వేళ్లు మీటల మీద ఆగిపోయాయి. చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అవ్వా."

"ఊ?"

"సాలమ్మ ఇక్కడ లేదవ్వా."

అవ్వ అతని వైపు తిరిగింది.

"లేదా?"

"లేదవ్వా."

అవ్వ అతని భుజం ఆసరా చేసుకుని పీట మీద నుంచి లేచింది.

"ఆ మాట ఎవురన్నా అంటే లేచి పోదామని కూచున్నా నాయనా" అంది. సంగటి తినడానికి వెళ్లింది.

మునిశేఖర్ తినడానికి వెళ్లలేదు. చిట్టా తెరిచి చూశాడు. పంతొమ్మిది వరసలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. పంతొమ్మిదీ ఒకే మాదిరి. అక్క పేరు సాలమ్మ. వయసు 12. తిరుపతి కొండ అడవి దారిలో తప్పిపోయి... అక్కడికి తెగింది. ఎనుము లేదు. ముల్లు లేదు. ఒక పక్కే నవ్విన నవ్వు లేదు. చివర పంతొమ్మిది సార్లు రెండు వందలు. ఎక్కడా గీత తప్పలేదు.

అతను దాన్ని పైకి జరిపాడు. ఆదోని వరస దగ్గర ఆగాడు. నిన్నటిది, మొన్నటిది, ఏడు నెలల కిందటిది. ఒకే మాదిరి ఉన్న ఆ వరసలను చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

తరవాత ఆ నలభై అక్షరాల కొలత తీసేశాడు. ఆ ఫోను నుంచి వచ్చే ప్రశ్నకు సర్వరు తనంతట తాను జవాబు చెప్పకుండా కట్టేశాడు.

మరుసటి రోజు ఏడు గంటలకే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏడుంబావుకు ప్రశ్న వచ్చింది. మొదటిసారి మొత్తం వచ్చింది.

'నా భర్త పేరు దస్తగిరి. వయసు 48. ఊరు ఆదోని. కడప ఉరుసులో తప్పిపోయినాడు. టైలరు పని. తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి మరుపు ఉంది. నిన్న రాసింది కూడా చాలలేదన్నారు. నేను పెద్దగా చదువుకోలేదు సార్, తప్పులుంటే మన్నించండి. పెళ్లినాటి ఫోటో ఒకటే ఉంది, అందులో ఇప్పటి పోలిక లేదు. ఈ రోజు ఇంకొకటి గుర్తుకొచ్చింది. ఎదురుగా ఎవరి చొక్కాకు గుండీ వదులుగా ఉన్నా ఆయన చెయ్యి ఊరుకోదు. మాట్లాడుతూనే ఆ గుండీ పట్టుకుని దారం బిగించి చుట్టేస్తాడు. తెలియని వాళ్లదైనా అంతే. ఇది కూడా చాలకపోతే రేపు ఇంకొకటి గుర్తు చేసుకుని రాస్తాను. ఆయనకు ఎండ పడదు సార్. లాలమ్మ.'

మునిశేఖర్ రెండుసార్లు చదివాడు. 'రేపు ఇంకొకటి' అన్న దగ్గర అతని చూపు నిలబడిపోయింది.

ఇంకా చెప్పమన్నది అతనే. ఆమె చెప్పింది. రోజుకొకటి చొప్పున, కొత్తది వెతికి పట్టుకుని చెప్పింది. అతని దగ్గర మిగిలింది ఈ ఒక్క గుండీ.

లేరని రాయబోయి ఆగాడు. సర్వరు వెతికేది పేర్లను. దస్తగిరికి తన పేరే గుర్తులేకపోతే? ఆ పట్టీలో ఆయన ఏ మంగళారమో, ఏ శనారమో అయి ఉంటాడు. పేరు తెలియనివాళ్లు పట్టీలో పదకొండు మంది. వాళ్లను వెతుక్కుంటూ ఎవరడిగినా సర్వరుకు వాళ్లు కనబడరు. ఈ సంగతి అతనికి మూడేళ్లలో ఒక్కసారీ తోచలేదు.

బ్లేడుతో తన చొక్కా రెండో గుండీ దారం సగం తెంపాడు. గుండీ వేలాడింది. పదకొండు మందిలో మగవాళ్లు ఆరుగురు. వాళ్ల దగ్గరికి బయల్దేరాడు.

పెద్ద బుధారం గోడకు ఆనుకుని వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. మునిశేఖర్ ఎదురుగా కూర్చుని ఏదో మాట్లాడాడు. ఆయన గుండీ వైపు చూడనే లేదు. చిన్న బుధారం చూశాడు, నవ్వాడు, మళ్లీ తన లోకంలోకి వెళ్లిపోయాడు. మంగళారం అన్న చెట్లకు నీళ్లు పోస్తూ, "పక్కకు జరుగు, తడుస్తావు" అన్నాడు. ఆదివారం అన్న అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. భోజనాల దాకా ఆయన దగ్గరే ఉండిపోవాల్సి వచ్చింది.

ఆరుగురిలో ఇంత తీరిగ్గా ఎవరి పక్కనా అతను ఇదివరకు కూర్చోలేదు. ఆదివారం అన్న అరచెయ్యి రంపం పట్టిన చెయ్యిలా గట్టిగా ఉందని అతనికి ఆ రోజే తెలిసింది.

శనారం అన్న పడుకుని ఉన్నాడు. ఆయన లేచాక మునిశేఖర్ వంగి దుప్పటి సర్దాడు. గుండీ ఆయన కళ్ల ముందే ఊగింది. ఆయన పట్టించుకోలేదు.

చివరిగా శుక్రారం తాత. ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. దస్తగిరి కాడని చూస్తేనే తెలుస్తుంది. అయినా మునిశేఖర్ కూర్చున్నాడు. తాత గుండీని చూశాడు. చెయ్యి చాపాడు. మునిశేఖర్ ఇంకా ముందుకు వంగాడు. తాత గుండీని పుటుక్కున తెంపి బొడ్డులో దోపుకుని, "నాది" అన్నాడు.

దూరం నుంచి చూస్తున్న సుబ్బరత్నక్క పకపకా నవ్వింది. "ఏం సామీ, చొక్కాలు పంచే వ్రతం పట్టినావా?"

మునిశేఖర్ జరిగింది చెప్పాడు. ఆమె నవ్వు ఆపేసింది. పోయి అతనికి కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.

తిన్నాక జవాబు రాయడానికి కూర్చున్నాడు. రాసి కొట్టేశాడు. మళ్లీ రాశాడు. ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి మెత్తటి మాటలు వచ్చి ముందు నిలబడుతున్నాయి. ప్రస్తుతానికి, బహుశా, మా ఎరుకలో. ఒక్కొక్కటే తీసేశాడు. చివరికి ఇది మిగిలింది:

'లాలమ్మ గారూ, ఇది కంప్యూటరు రాస్తున్నది కాదు. నా పేరు మునిశేఖర్. ఇన్నాళ్లూ మీరు రాసినవి ఎవరూ చదవలేదు. సగంలో కత్తిరించి పోయేటట్టు చేసింది నేనే. నిన్నటి దాకా రాసినవి నా దగ్గర లేవు. ఈ రోజుది చదివాను. వదులు గుండీ చొక్కా వేసుకుని, పేరు తెలియని మగవాళ్లు ఆరుగురి దగ్గరా కూర్చుని చూశాను. దస్తగిరి గారు మా దగ్గర లేరు.'

పంపించాడు. చిట్టాలో ఆ ప్రశ్నా ఆ జవాబూ ఆరేడు మడతలు పడి కింది వరసలన్నిటినీ తోసేశాయి. అతను వాటిని సర్దలేదు.

మరుసటి రోజు ఏడుంబావు అయింది. ఏడున్నర అయింది. ఏమీ రాలేదు.

ఆ పైరోజూ రాలేదు.

మునిశేఖర్ అవ్వ దగ్గరికి వెళ్లాడు. అవ్వ బేస్తారమ్మను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతోంది.

"అవ్వా, ఆమె రాయడం లేదు. ఉన్న ఆశ కూడా తుంచేశానేమో. ఆ మాట చెప్పకుండా ఉండాల్సిందేమో."

"ఆ నూనె గిన్నె ఇట్టియ్యి" అంది అవ్వ.

అతను గిన్నె ఇచ్చాడు. అవ్వ నూనె రాసి, చిక్కు తీసి, జడ అల్లి, ముడి వేసింది. అతను లేచి వచ్చేశాడు.

మూడో రోజు ఏడుంబావుకు వరస పడింది.

'సార్, మీ జవాబు చూసి రెండు దినాలు నేను మిషను తొక్కలేదు. ఆయన కుట్టు మిషను ఇప్పుడు నేనే తొక్కుతున్నాను. రోజూ కొట్టు తెరిచే ముందు మీకు రాసి, తరవాత తాళం తీసేదాన్ని. ఈ ఏడు నెలలు ఆయన మీ దగ్గరే ఉన్నాడనుకున్నాను. నాకు చెప్పడం చేతకాక మీకు ఆనవాలు దొరకడం లేదనుకున్నాను. పిలిచేదాకా రావద్దన్నారు గనక రాలేదు. మీ దగ్గర ఉన్నాడు గదా అని ఇంకెక్కడా వెతకలేదు. మొన్న చాలా ఏడ్చినాను. నిన్న ఏడవలేదు. రేపు కొట్టు మూసి, మా తమ్ముడిని తోడు తీసుకుని, గుంతకల్లు స్టేషను నుంచి మొదలుపెడతాను. అన్ని ఊర్లూ అడుగుతాను. అంతమంది దగ్గర కూర్చుని చూసినారు. మీ అమ్మ కడుపు చల్లగా ఉండాల. లాలమ్మ.'

మునిశేఖర్ ఫోను పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాడు. మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాడు. 'ఇంకెక్కడా వెతకలేదు' అన్న దగ్గర ఆగి, నీళ్లు తాగి, మళ్లీ చదివాడు.

అవ్వ వింది.

"అవ్వా, నేను వాళ్లతో పోతాను. ఆమె ఏడు నెలలు పోగొట్టింది నేనే. ఆయన ఆనవాళ్లు తెలిసిన మనిషి ఇంకొకరుంటే వెతకడం తేలిక. దారిలో ఆ రెండు వందల పదకొండూ మళ్లీ చెప్పమని అడుగుతా. నోటుపుస్తకంలో రాసుకుంటా."

"చెప్తాదా?"

"చెప్పకపోతే అడగను. ఊరికే వెంట నడుస్తా."

"పో నాయనా."

"ఎన్నాళ్లు పడుతుందో తెలీదవ్వా."

"పోయి రా."

మునిశేఖర్ కదలకుండా నిలబడ్డాడు. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకోవడం ఎంతసేపు? అతని దిగులు వేరే ఉంది.

"నేను లేనప్పుడు అడిగేవాళ్లకు జవాబు ఎవరు చెప్తారవ్వా? ఆ సర్వరుకు వదిలిపెట్టడానికి నాకు మనసు రావడం లేదు."

"నేను కూచుంటాలే" అంది అవ్వ. "వచ్చింది చదివేదానికి, యా మీట నొక్కాల్నో చెప్పేదానికి సుబ్బరత్నం ఉండాది గదా. దానికి నేర్పిచ్చి పో."

"నీకు కష్టమవుతుందవ్వా. ఈ వయసులో..."

అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. కంప్యూటరు గది వైపు నడుస్తూ, అతని వైపు తిరక్కుండానే అంది:

"కష్టమేముండాది? ఎవురేం చెప్పినా కడదాకా వింటా. వాళ్ల మనిషి మన కాడ ఉంటే ఉండారంటా. లేకుంటే లేరంటా. అంతే గదా నాయనా పని?"